ఖనిలో షూటింగ్: పనికి పిలిచేవారికీ, పనికి వెళ్లేవారికీ

సింగరేణిలో బాయిపని చేసి రిటైరైనవాణ్ణి. ఆ తర్వాత గోదావరిఖనికి షూటింగుల కోసం వచ్చే బృందాలకు మనుషుల్నీ బండ్లనూ చోట్లనూ కుదిర్చిపెట్టే పనిలో పడ్డాను. షార్ట్ ఫిలిం తీసుకునే కాలేజీ పిల్లలు, డాక్యుమెంటరీ వాళ్లు, సీరియళ్ల వాళ్లు, సినిమా వాళ్లు, అందరూ వస్తుంటారు. 2021 జనవరి చివర్లో 'సలార్' తొలి షెడ్యూలు మా బొగ్గు గనుల్లోనే మొదలైంది. 2023 మార్చి 30న విడుదలైన 'దసరా' గోదావరిఖని పక్కన వీర్లపల్లి అనే ఊరి కథ. కానీ ఆ ఊరి కోసం హైదరాబాద్ దగ్గర పెద్ద సెట్టు వేశారు. ఆ సెట్టుకు వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. నాకు మాత్రం ఒక్కటే అనిపిస్తుంది: మా గుట్టలు, మా మసి, మా మాట తెర మీదికి పోతున్నప్పుడు ఆ పనిలో మా పిల్లల కూలి కూడా ఉండాలి. అది దయతో వచ్చేది కాకూడదు. ఇక్కడి మనిషికి తెలిసిన పనికి తగిన ధర కట్టి తీసుకున్నది కావాలి. అందుకు రెండు పక్కలవాళ్లూ ఏం తెలుసుకోవాలో రాస్తున్నాను.

1. ధర అడిగేముందు పనేమిటో చెప్పాలి.

హైదరాబాద్ మేనేజర్లు ఫోన్ చేసి తరచుగా మొదట అడిగేది, "పెద్దాయనా, అక్కడ మనుషులు రోజుకు ఎంతకొస్తరు?" అని. "ఏ పనికి సార్?" అని నేను తిరిగి అడుగుతాను. బొగ్గుబాయిల చుట్టూ పెరిగిన ఊరిది. ఏ వాడకట్టుకు పోయినా ఒక ఫిట్టరో ఎలక్ట్రీషియనో వెల్డరో ఉంటాడు. హాలర్ తాడు తెగితే భూమి లోపల దీపం వెలుగులో అతికినవాళ్లున్నారు. నీళ్లూ బురదా నడుమ పంపులు, కేబుళ్లు నడిపినవాళ్లున్నారు. ట్రాలీ పట్టాలు సమంగా పరచడం, ఎత్తున లైటు నిలబెట్టడానికి పైపులు బిగించడం, జనరేటర్ నుంచి దూరం దాకా కేబుల్ లాగి అతుకులు భద్రంగా కట్టడం వాళ్లకు కొత్త కాదు. పెళ్లిళ్లకు వీడియో తీసే కుర్రాళ్లకు రెండు మూడు కెమెరాలు ఒకేసారి కలిపి నడపడం అలవాటు. వెలుతురు ఎట్లున్నా, చుట్టూ జనం ఎంత తోసుకున్నా, ఆగకుండా తీయగలరు. వాళ్లను కెమెరా అసిస్టెంట్లుగా పెట్టుకుంటే రెండు రోజుల్లో దారిలో పడతారు.

ఇలాంటి మనిషిని పెట్టెలు మోసే రేటుకు అడిగితే రాడు. అవసరం కొద్దీ వచ్చినా తన తెలివిని ఇంట్లో పెట్టి వస్తాడు. అందుకే ముందు ఒక కాగితం పంపమంటాను. ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ పనికి ఎంతమంది, తిండి ఎవరిది, రాకపోకలు ఎవరివి. అది చేతికొచ్చాకే ధర మాట.

2. కంపెనీ నేల మీద కంపెనీ కాగితమే చెల్లుతుంది.

రాష్ట్ర ఫిలిం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ నుంచి సింగిల్ విండో అనుమతి తెచ్చుకున్నామని గని గేటు దగ్గర వాదించేవాళ్లను చూశాను. గనికి అది సరిపోదు. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అయినా రాష్ట్రం ఇచ్చిన షూటింగ్ కాగితం చూసి గని తలుపు తీయరు. ఏ ఏరియా గని అయితే ఆ ఏరియా జీఎం ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3, అడ్రియాల, దేనికది వేరు. పెద్ద సినిమా అయితే ఫైలు కొత్తగూడెం హెడ్డాఫీసు దాకా పోతుంది. అర్జీలో తేదీలు, మనుషుల పేర్లు, బండి నంబర్లు, సామాను జాబితా అన్నీ రాయాలి. గేటు దగ్గర కంపెనీ భద్రతా విభాగం (ఎస్ అండ్ పీసీ) గార్డు ఆ జాబితా పట్టుకునే నిలబడతాడు. చివరి నిమిషంలో మారిన డ్రైవర్ కోసం యూనిట్టంతా ఎండలో ఆగిపోవడం మామూలే. స్థానిక మనిషిని ముందుగా పెట్టుకుంటే ఈ జాబితా పని అతను పది రోజుల ముందే మొదలుపెడతాడు. షూటింగ్ రోజు పిలిస్తే అతనైనా ఏం చేయలేడు.

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. గనుల భద్రతా చట్టం గని మేనేజర్ నెత్తిన పెద్ద బాధ్యత పెట్టింది. జీఎం సంతకం మీ చేతిలో ఉన్నా, ఈ రోజు గనిలో పరిస్థితి బాగాలేదని మేనేజర్ ఆపితే ఆగాల్సిందే. రేపు ఏమన్నా జరిగితే గనుల భద్రతా అధికారుల ముందు నిలబడేది ఆయన. ఆ మనిషితో గొంతు పెంచి మాట్లాడిన బృందానికి నేను రెండోసారి పని కుదర్చలేదు.

రామగుండం ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు చుట్టూ కాపలా సీఐఎస్ఎఫ్‌ది. పొగగొట్టాలు బాగున్నాయని రోడ్డు పక్కన ఆగి కెమెరా ఎత్తితే బండి దగ్గరికి వాళ్లొస్తారు. డ్రోన్ సంగతి మరీ జాగ్రత్త. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి. "ఒక్క షాటే తమ్ముడూ" అని పెళ్లిళ్ల డ్రోన్ కుర్రాణ్ణి బతిమాలి ప్లాంటు వైపు పంపితే కేసు ముందుగా వాడి మీద పడుతుంది. కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే: ఎక్కడ ఎగరేయాలో యూనిట్ రాసిచ్చి సంతకం పెడితేనే రిమోట్ చేతికి తీసుకో, బిడ్డా.

3. మట్టిగుట్టలు కొండల్లా కనిపిస్తాయి, కొండల్లా నిలబడవు.

మా దగ్గర కొండల వరుస కావాలని దర్శకులు వెతుక్కుంటూ వస్తారు. దూరం నుంచి చూస్తే నిజంగానే వరుస కొండలు. బొగ్గు మీది మట్టినంతా ఓపెన్ కాస్టుల్లోంచి తవ్వి పోసిన ఓబీ గుట్టలవి. కొన్నింటి మీద కంపెనీ చెట్లు కూడా పెంచింది. ఎవరికీ చెందని నేల అనుకుని ఎక్కేస్తారు, కానీ అది కంపెనీదే. వాన పడ్డాక పైఅంచు దగ్గరికి క్రేన్‌ను గానీ బండిని గానీ పోనివ్వకూడదు. పోసిన మట్టి కాబట్టి కింద ఎక్కడ గుల్ల ఉందో పైన నిలబడ్డవాడికి తెలియదు. ఏ గుట్ట పాతబడి గట్టిపడింది, దేని మీద ఇంకా మట్టి పోస్తున్నారు అన్నది డంపర్లు నడిపి రిటైరైన మనిషి ఒక్క చూపులో చెబుతాడు. లొకేషన్ చూడ్డానికి వచ్చిన మొదటి రోజే అలాంటి మనిషిని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి.

ఓపెన్ కాస్టు లోపల నడిచే డంపర్ డ్రైవర్‌కు తన టైరు పక్కన నిలబడ్డ మనిషి కనబడడు. సైరన్ మోగిందంటే బ్లాస్టింగ్. కెమెరా ఎక్కడున్నా వదిలేసి, గార్డు చూపించిన వైపు నడవాలి. హీరో అయినా అంతే.

4. రైలు పట్టాల మీద ఊహలు పనికిరావు.

ఎన్టీపీసీకి బొగ్గు మోసే ఎంజీఆర్ లైను మీద పాట తీద్దామని ప్రతి రెండో బృందం అడుగుతుంది. "ఇప్పుడు రైలు రాదు కదా" అంటారు. అమెరికాలోని జార్జియాలో 2014 ఫిబ్రవరి 20న 'మిడ్‌నైట్ రైడర్' అనే సినిమా బృందం అనుకున్నదీ అదే. రైల్వే కంపెనీ అనుమతి ఇవ్వకపోయినా వంతెన మీద మంచం వేసి షాట్ పెట్టారు. రైలు వచ్చింది. సారా జోన్స్ అనే 27 ఏళ్ల కెమెరా అసిస్టెంటు చనిపోయింది. దర్శకుడు జైలుకు వెళ్లాడు. ఆ అమ్మాయి చేసింది కిందిస్థాయి ఉద్యోగం. మా ఊరి పిల్లలను మీరు పెట్టుకునేదీ అలాంటి ఉద్యోగాల్లోనే. అందుకని అనుమతి కాగితం నేను నా కళ్లతో చూడకుండా ఒక్క పిల్లవాణ్ణి కూడా పట్టాల దగ్గరికి పంపను.

5. భూగర్భంలో తీయాలనే ఆశ వదులుకోండి. భూగర్భం తెలిసిన మనిషిని మాత్రం వదులుకోవద్దు.

బాయిలోకి అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోన్ పోనివ్వరు. దిగేముందు ఒళ్లు తడిమి చూస్తారు. మీథేన్ వాయువున్న చోట చిన్న నిప్పురవ్వ చాలు. మామూలు కెమెరా, లైటు, బ్యాటరీ ఏదీ లోపలికి పనికిరాదు. కాబట్టి సినిమాలో బాయి లోపలి భాగం సెట్టులోనే తయారవుతుంది. అక్కడే రిటైరైన బాయి మనిషి అవసరం అసలు మొదలవుతుంది.

ఎందుకో చెబుతాను. తెర మీద బొగ్గు కార్మికుడంటే మొహమంతా నల్లరంగు పూస్తారు. షిఫ్టు దిగి వచ్చినవాడి మొహం అలా ఉండదు. చెమట పారిన చోట చారలు పడతాయి, కనురెప్పల అంచున కాటుక పెట్టినట్టు మసి నిలుస్తుంది, అది రెండుసార్లు స్నానం చేసినా పోదు. లోపల ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు తలకున్న క్యాప్‌ల్యాంపు ఎదుటివాడి కళ్లలో పడకుండా తల కొంచెం పక్కకు తిప్పి మాట్లాడతారు. నటుడు నేరుగా చూస్తూ డైలాగు చెబితే ఖనిలో సినిమా చూస్తున్న ప్రతి ఇల్లూ పట్టేస్తుంది. పనిచోటు భద్రత చూసే సర్దార్ పని జాగాలోకి రాగానే కర్రతో పైకప్పు కొట్టి చప్పుడు వింటాడు. గట్టి చప్పుడా, గుల్ల చప్పుడా అన్నదాని మీద ఆ షిఫ్టులో అందరి ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ ఒక్క పని సరిగ్గా చూపిస్తే చాలు, ప్రమాదం సీనుకు వేరే సంగీతం అక్కర్లేదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తే కాలం ఏది, కట్టెల దిమ్మెలు పోయి రూఫ్ బోల్టులు వచ్చిన కాలం ఏది, ఎస్‌డీఎల్ యంత్రం ఎప్పటిది, లాంగ్‌వాల్ ఎప్పటిది అన్నవి కథ జరిగే ఏడాదిని బట్టి మారాలి. ఇవన్నీ చెప్పగల మనుషులు యైటింక్లైన్ కాలనీలో పొద్దున్నే చాయ్ హోటల్ ముందు కూర్చుని ఉంటారు.

అలాంటి మనిషిని ఆర్ట్ డైరెక్టర్ పక్కన కూర్చోబెట్టాలి. సెట్టు గీతలు గీసేటప్పుడే పిలవాలి. కట్టేశాక పిలిస్తే తప్పు చూపించడం తప్ప అతను చేయగలిగేది ఉండదు. అతనికి ఇచ్చేది సలహాదారు డబ్బు. చాయ్ తాగించి, ఫోటో దిగి, శాలువా కప్పి పంపితే ఆ మనిషి అనుభవాన్ని ఉచితంగా వాడుకున్నట్టే.

6. ఖని షిఫ్టుల మీద బతుకుతుంది. కాల్‌షీటు దానికి లోబడాలి.

ఈ ఒక్క విషయం అర్థమైతే సగం గొడవలు ఉండవు. గనిని బట్టి కొంత తేడా ఉన్నా మొదటి షిఫ్టు పొద్దున ఏడుకు, రెండోది మధ్యాహ్నం మూడుకు, రాత్రి షిఫ్టు పదకొండుకు. ఆ వేళకు అరగంట ముందూ అరగంట వెనుకా రోడ్లన్నీ బండ్లతో నిండిపోతాయి. ఆ సమయంలో ట్రాఫిక్ ఆపి షాట్ తీస్తామంటే కుదరదు. ఒక మనిషి ఐదు నిమిషాలు ఆలస్యమైతే అతని మస్టర్ పడదు, ఆ రోజు జీతం పోతుంది. ఆ నష్టం ఏ యూనిటూ కట్టివ్వదు. అదే వేళను కథకు వాడుకునే దర్శకుడైతే వేరు. రోడ్డు ఆపకుండా, మేడ మీద నుంచి నిజమైన జనాన్నే తీసుకోవచ్చు. దానికి ఏ మేడ ఎవరిదో, ఇంటావిడ ఒప్పుకుంటుందో తెలిసిన మనిషి కావాలి.

పగటివేళ కాలనీ సందులు నిర్మానుష్యంగా కనిపిస్తాయి. ఖాళీగా ఉంది కదా అని జనరేటర్ పెట్టి, మైకులో పాట వేసి డ్యాన్స్ రిహార్సల్ మొదలుపెడతారు. ఆ తలుపుల వెనుక రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు నిద్రపోతుంటారు. వాళ్లు మళ్లీ రాత్రి బాయిలోకి దిగాలి. నిద్రలేని మనిషి బాయిలో తనకూ ప్రమాదమే, పక్కవాడికీ ప్రమాదమే. క్వార్టర్ల మధ్య తీయాలంటే సాయంత్రం నాలుగు తర్వాత తీయండి. తప్పనిసరై పొద్దున పెట్టుకుంటే జనరేటర్‌ను దూరంగా, గాలి ఎటు వీస్తోందో చూసి నిలపండి. ఒకరోజు ముందు ప్రతి తలుపూ తట్టి చెప్పడానికి ఆ సందులోని ఆడవాళ్లనే ఇద్దరిని కూలికి పెట్టుకోండి. యూనిఫాం వేసుకున్న బౌన్సర్లు చెప్పలేని మాట వాళ్లు చెప్పగలరు.

పండగలు కూడా చూసుకోవాలి. దసరా ముందర కంపెనీ లాభాల వాటా పడుతుంది, దీపావళికి బోనస్ పడుతుంది. అప్పుడు లాడ్జిలు దొరకవు, బండ్లు దొరకవు. రెండేళ్లకోసారి గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మ జాతర జరిగే రోజుల్లో బందోబస్తుకు పోలీసులు దొరకరు.

7. డ్యూటీలో ఉన్నవాణ్ణి నాగా పెట్టించొద్దు.

కెమెరాలో కనిపిస్తానని ఆశపడి పర్మినెంటు కార్మికుడు కూడా వస్తానంటాడు. మస్టర్లు తగ్గితే కంపెనీ కౌన్సెలింగుకు పిలుస్తుంది, ఇంకా తగ్గితే ఉద్యోగమే పోతుంది. సెలవు దినమైతేనే రమ్మనండి. రిటైరైనవాళ్లు, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు, మహిళా సంఘాల వాళ్లు, భూమి పోయి నిర్వాసిత కాలనీల్లో ఉంటున్నవాళ్లు కావలసినంతమంది ఉన్నారు.

8. సాయంత్రం డబ్బు సాయంత్రమే.

జనం సీనుకు వచ్చిన కూలికి ప్యాకప్ చెప్పిన గంటలో డబ్బు పడాలి. ఫోన్ పేలో వేసినా సరే, చేతికిచ్చినా సరే, పేరు పక్కన సంతకం తీసుకోవాలి. "షెడ్యూల్ అయిపోయాక అందరికీ ఒకేసారి" అన్న మాటకు నేను ఒప్పుకోను. ఒకప్పుడు ఒక బృందం ఆఖరి రోజుల కూలి బాకీ పెట్టి తెల్లారేసరికి లాడ్జి ఖాళీ చేసి వెళ్లిపోయింది. వాళ్ల ఫోన్లు ఆగిపోయాయి. కానీ ఆ కూలీలను పిలిచిన కుర్రాడి ఇల్లు ఇక్కడే ఉంది, అతని తల్లి ఇదే నల్లా దగ్గర నీళ్లు పట్టుకోవాలి. ఊళ్లో మనుషుల్ని కుదిర్చేవాడు తన ఇంటి పరువును హామీ పెడుతున్నాడని యూనిట్లు అర్థం చేసుకోవాలి. ఆ తర్వాత నుంచి నేను మనుషుల్ని పంపే ప్రతి పనికీ ఒక రోజు కూలి ముందుగానే ఊళ్లో ఒక పెద్దమనిషి దగ్గర ఉంచమంటున్నాను. ఖని కుర్రాళ్లందరూ ఇదే పట్టుబట్టాలి.

నడుమ కమీషన్ ఎంతో కూడా దాచకూడదు. యూనిట్ మనిషికి ఎంత ఇస్తోందో ఆ మనిషికి తెలియాలి, అందులో కుదిర్చినవాడికి ఎంతో కూడా తెలియాలి. దాస్తే నాలుగు రోజుల్లో బయటపడుతుంది, ఐదో రోజు ఎవరూ రారు.

తెర మీద కనిపించడమే కూలి అనేవాళ్లకు మనిషిని పంపకండి. వేళ దాటితే అదనపు డబ్బు, రాత్రి దాటితే ఇంటి దాకా బండి, ముఖ్యంగా ఆడవాళ్లకు. వీటి మీద బేరం లేదు.

9. ఫెడరేషన్ వాళ్ల పొట్ట కొట్టడానికి మన పిల్లలు పనిముట్టు కాకూడదు.

హైదరాబాద్‌లో 24 క్రాఫ్టుల కార్మికులకు ఫెడరేషన్ ఉంది. 2025 ఆగస్టులో వాళ్లు 30 శాతం కూలి పెంపు అడిగి రెండు వారాలకు పైగా షూటింగులు ఆపారు. చివరికి మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంచడానికి ఒప్పందం కుదిరింది. అలాంటి రోజుల్లో చిన్న ఊళ్ల మీద కొందరి చూపు పడుతుంది, సంఘం లేని పిల్లలు చవకగా దొరుకుతారని. ఖని పిల్లలకు సంఘం అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని లేదు. 1998 నుంచి సింగరేణిలో గుర్తింపు సంఘానికి రహస్య బ్యాలెట్‌తో ఎన్నికలు జరుగుతున్నాయి, వాళ్ల నాయినలు ఆ లైన్లలో నిలబడి ఓట్లేశారు. సమ్మె జరుగుతుండగా ఆ పనిలోకి మనం దూరకూడదు. మామూలు రోజుల్లో యూనిట్ తన లైట్‌మెన్‌ను, సెట్ బాయ్‌లను తెచ్చుకుంటుంది. మన వాళ్లు వాళ్లకు అదనంగా, వాళ్ల పక్కన పని చేస్తారు. ఎవరి పని ఎంతవరకు అన్నది మొదటి రోజు పొద్దునే రెండు పక్కలవాళ్లను నిలబెట్టి చెప్పాలి. అలా చెప్పిన చోట్ల హైదరాబాద్ లైట్‌మెనే మన పిల్లలకు పని నేర్పారు.

10. పిల్లలు కావాలంటే కలెక్టరాఫీసు దారి పట్టాలి.

స్కూలు పిల్లల సీనుంటే పది మందిని తోలుకొస్తే చాలనుకుంటారు. బాలకార్మిక చట్టం 2016 సవరణ, దాని తర్వాతి నిబంధనల ప్రకారం జిల్లా మెజిస్ట్రేటు అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు. పిల్లవాడి సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేరున బ్యాంకులో డిపాజిట్ చేయాలి. అమ్మానాన్నలకు ఈ సంగతి మనమే చెప్పాలి, వాళ్లకు ఇంకెవరూ చెప్పరు.

11. రామగిరి మీదికి సామాను మనుషుల భుజాల మీదే ఎక్కుతుంది.

అసలైన కొండ కావాలంటే రామగిరి ఖిల్లా ఉంది. సెంటినరీ కాలనీ దాటాక బేగంపేట దగ్గర మొదలవుతుంది. వానాకాలంలో పచ్చగా, కోట గోడల మధ్య మబ్బులు దిగి ఉంటుంది. చూసినవాళ్లెవరూ వదలరు. కానీ పైకి జనరేటర్ పోదు, క్రేన్ పోదు. బ్యాటరీలతో తీయగలిగినంత సీనే అక్కడ రాసుకోవాలి. మోతకు కొండ కింది ఊళ్లవాళ్లను పెట్టుకోండి. కాలి కింద ఏ రాయి కదులుతుందో వాళ్లకు తెలుసు. వాళ్లకు రోజు లెక్కన కాకుండా ఎక్కిన మోత లెక్కన ఇస్తే న్యాయంగా ఉంటుంది. కెమెరా పెట్టె మోసేవాడికి ఇంకే బరువూ ఇవ్వొద్దు. తాగే నీళ్లు మోయడానికే వేరే మనుషులుండాలి. మధ్యాహ్నం మూడు దాటాక కొత్త షాట్ మొదలుపెట్టకుండా దిగడం మొదలుపెట్టాలి. శ్రావణంలో భక్తులు ఎక్కువగా ఎక్కుతారు, అప్పుడు దారి వాళ్లది. ఆ కొండ మూలికలకు పేరు పడింది, మందుమొక్కలు చూడ్డానికి బోటనీ విద్యార్థులు వస్తుంటారు. ఫ్రేముకు అడ్డమని కొమ్మ నరకడానికి వీల్లేదు. ఆ మాట మోతగాళ్లు చెప్పినా యూనిట్ వినాలి.

ఎండ గురించి ఒక్క మాట. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటడం మామూలు. బొగ్గు నేల మీద ఇంకా ఎక్కువగా కాలుతుంది. పన్నెండు నుంచి నాలుగు దాకా బయట షాట్ పెట్టొద్దు. పెడితే నీడ, మజ్జిగ, ఓఆర్ఎస్, పక్కనే అంబులెన్సు ఉండాలి.

12. ఖాళీ ఊళ్లు ఖాళీగా లేవు.

ఓపెన్ కాస్టు కోసం లేచిపోయిన ఊళ్లలో సగం కూలిన గోడలు, తలుపుల్లేని ఇళ్లు, ఒంటరి వేపచెట్టు ఉంటాయి. దర్శకులు అక్కడ అడుగుపెట్టగానే కళ్లు మెరుస్తాయి. ఆ ఇళ్లవాళ్లు నాలుగు మైళ్ల దూరంలో నిర్వాసిత కాలనీలో ఉన్నారు. కొందరి నష్టపరిహారం ఇంకా తేలలేదు. నేల కంపెనీది కాబట్టి చట్టప్రకారం కంపెనీ అనుమతి సరిపోవచ్చు. కానీ ఆ గోడకు నిప్పు పెట్టే సీను తీసేముందు ఆ ఇంట్లో పుట్టిన మనిషిని అడగాలి. అడిగితే వాళ్లు వద్దనడం అరుదు. చాలాసార్లు వాళ్లే వచ్చి, ఏ అర్రలో ఏముండేదో చెప్పి, పాత సామాన్లు తెచ్చిపెడతారు. ఆ సామాన్లకు అద్దె కట్టండి. ఆ మనుషులనే ఆ సీనులో నిలబెట్టండి. 'మా భూమి' తీసినప్పుడు మెదక్ జిల్లా మంగళపర్తిలో ఊరివాళ్లే తెర మీద నిలబడ్డారు. 1980లో వచ్చిన ఆ సినిమా మొహాలు ఇప్పటికీ నిజంగా కనిపిస్తాయి.

గని ప్రమాదం సీను గురించి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. 2003 జూన్ 16న జీడీకే-7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. వాళ్ల కుటుంబాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. గని ముందు ఆడవాళ్లు ఏడ్చే సీనుకు జూనియర్ ఆర్టిస్టులుగా కాలనీ ఆడవాళ్లను పిలిచేటప్పుడు సీను ఏమిటో ముందే చెప్పాలి. చెప్పకుండా తీసుకొచ్చి, యాక్షన్ అనగానే అంబులెన్సు సైరన్ వేస్తే, ఆ ఏడుపు నటన కాదు. దాన్ని తీసుకుని వెళ్లిపోయే హక్కు ఎవరికీ లేదు. నేను సీను కాగితం అడిగి, చదివి, పిలిచే ముందు ప్రతి ఒక్కరికీ చెబుతాను. రానన్న వాళ్లను రెండోసారి అడగను. వస్తానన్నవాళ్లలో కొందరు తమ మనిషి కోసమే వస్తున్నామన్నారు. వాళ్లకు ఎక్కడ నిలబడాలో చెప్పడం తప్ప దర్శకుడు చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

13. పేరు వేయండి.

సినిమా చివర్లో పేర్లు పైకి పోయేటప్పుడు మా ఊరి వెల్డర్ పేరు కూడా పోవాలి. ఒక కాగితం మీద ఫలానా పని ఇన్ని రోజులు చేశాడని రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. దానికి ఖర్చు లేదు. ఆ కాగితం చూపించి కుర్రాడు తర్వాతి యూనిట్‌లో రేటు అడుగుతాడు.

14. మనకు లేనిది ఏమిటో మనం ఒప్పుకుని నేర్చుకోవాలి.

ఖని పిల్లల్లో కెమెరా పట్టేవాళ్లున్నారు, ఎడిటింగ్ చేసేవాళ్లున్నారు, డ్రోన్ నడిపేవాళ్లున్నారు. డప్పు, పాట, నాటకం మనకు పుట్టుకతో వచ్చినవి, నటులకు కొదవ లేదు. బాయిలో మోటార్ శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పే చెవులున్న ఊరు కూడా ఇదే. కానీ షూటింగ్ జాగాలో సౌండ్ రికార్డు చేయగల మనిషి మాత్రం నాకు ఇక్కడ దొరకడు, ప్రతి యూనిటూ బయటి నుంచే తెచ్చుకుంటుంది. అకౌంట్లు రాసి, ప్రతి ఖర్చుకూ బిల్లు పెట్టి, సాయంత్రం లెక్క అప్పగించగల ప్రొడక్షన్ మేనేజరూ దొరకడు. కామర్స్ చదివిన ఆడపిల్లలు రెండో పనికి చక్కగా సరిపోతారు, ఒక షెడ్యూలు పక్కన కూర్చుంటే పట్టుకుంటారు. వచ్చే యూనిట్‌తో మాట్లాడేటప్పుడు ఇదే షరతు పెడుతున్నాను: సౌండ్ మనిషి పక్కన మా పిల్లవాడు ఒకడు, మేనేజర్ పక్కన మా అమ్మాయి ఒకర్తె, షెడ్యూలు పూర్తయ్యేదాకా, బత్తాతో సహా. ఒప్పుకున్న యూనిట్‌కు లొకేషన్లు ముందు చూపిస్తాను.